ఫిన్లాండ్ పిల్లలు మోగించిన తిట్టు

మా లగిందా అత్త తిట్టడంలో ఎంత నేర్పరో పులాంగి నదికి ఈ గట్టున అందరికీ తెలుసు. ఆ గట్టున ఇంకా బాగా తెలుసు. ఫిన్లాండ్ దేశంలో తెలియడానికి మాత్రం నేనే కారణం.

నా పేరు మొనైరా. మా ఊరి బడిలో టీచర్ని. లెక్కలు, సైన్సు, పాట, ఆట అన్నీ నా నెత్తినే. రెండేళ్ళ కిందట మా ఫిలిప్పీన్స్‌లోనే దవావో నగరంలో టీచర్ల శిక్షణకి వెళ్ళినప్పుడు ఐలా అనే ఫిన్లాండ్ ఆవిడ పరిచయమైంది. తనూ బడిపిల్లలకి సంగీతం చెబుతుంది. మధ్యాహ్నం నా పక్కన కూర్చుని, అరటాకు పొట్లం విప్పి, అన్నం మీద చల్లిన కోడి పొరటు వేళ్ళతో ఏరుకుంటూ, "మీ వైపు కంచు గంటలతో మాట్లాడుకుంటారట, నిజమేనా?" అని అడిగింది.

"మా అత్త మాట్లాడుతుంది. ఆవిడకి నోరొక్కటే చాలదు," అన్నాను.

నేను నవ్వులాటకి అన్నాను. ఐలా కాగితం మీద రాసుకుంది. పోయిన డిసెంబరులో ఆవిడ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఫిన్లాండ్ బడుల్లో సంగీతం చెప్పే ఇరవై ఆరుగురు టీచర్లు మా వాద్యాలు నేర్చుకుంటారట, ఎనిమిది శనివారాలు, ఫోనులో బొమ్మ చూస్తూ. 'మా పాఠ్యపుస్తకంలో ఫిలిప్పీన్స్ గురించి ఒకే ఒక్క పేజీ ఉంది. అందులో గంటల బొమ్మ కూడా తలకిందులుగా వేశారు. మీ అత్తగారిని ఒప్పించండి,' అని రాసింది.

మా అత్త వాయించేది గందింగన్. చట్రానికి వేలాడే నాలుగు పెద్ద కంచు గంటలు, ఒక్కొక్కటి చేటంత వెడల్పు, నడిమధ్య బొడిపె. నాలుగింటికీ నాలుగు స్వరాలు. మా భాషలో మాట పలికేటప్పుడు గొంతు ఎక్కడ లేస్తే అక్కడ గంట లేస్తుంది, ఎక్కడ దిగితే అక్కడ దిగుతుంది. అత్త ఈడువాళ్ళు పడుచుతనంలో పెద్దవాళ్ళ ఎదుటే ఆ గంటల మీద ఊసులాడుకున్నారు. వినేవాళ్ళకి పాట, తెలిసినవాళ్ళకి మాట. నా ఈడువాళ్ళకి ఆ విద్య అబ్బలేదు. మాకు ఫోన్లు వచ్చాయి. నాకు గంటల మాట ఒక్క ముక్క రాదన్న సంగతి ఐలాకి చెప్పలేదు. అడిగితే చెప్పేదాన్నే. అడగలేదు.

అత్తని అడిగితే ముందు దేశం సంగతి తేల్చమంది.

"ఎక్కడే అది?"

"చాలా ఉత్తరాన అత్తా. చలి దేశం. చలికాలంలో నదుల మీద నడిచి వెళ్ళిపోతారట."

"మన నది మీద మాత్రం నడవలేమా? గుర్రపుడెక్క అంత దట్టంగా పట్టింది. సరేలే, వాళ్ళ దగ్గర గంటలున్నాయా?"

"లేవు."

"గంటలు లేకుండా గంటలు నేర్చుకుంటారా? మంచివాళ్ళలాగే ఉన్నారు. చెబుతానను."

మొదటి శనివారం మూడు దాటాక అసర్ నమాజు కాగానే అరుగు మీద గందింగన్ చట్రం నిలబెట్టాను. బియ్యం డబ్బా మీద ఫోను ఆనించాను. తెర మీద ఇరవై ఆరు ముఖాలు వరసలుగా వచ్చాయి. అత్త సలాము చెప్పి, కర్ర పుచ్చుకుని, నాలుగు గంటల మీదా ఒక్కసారి అలా తిరిగి వచ్చింది. ఆ మోతకి పక్కింటి కోళ్ళు బెదిరి ఎగిరాయి. తెర మీద ఎవరూ కదల్లేదు. అత్త మళ్ళీ వాయించింది. మళ్ళీ అంతే.

అత్త నా చెవిలో, "ఒసే, వీళ్ళు మనుషులా, ఫొటోలా?" అంది.

"వింటున్నారత్తా. వాళ్ళ అలవాటు అంత."

"వింటే ఊఁ కొట్టాలిగా! గోడకి చెప్పినట్టుంటే నాకు చెయ్యి ఆడదు. ఆ మాట చెప్పు."

నేను ఐలాకి చెప్పాను. ఐలా వాళ్ళ భాషలో వాళ్ళకి చెప్పింది. ఆపైన అత్త ఒక దెబ్బ కొడితే ఇరవై ఆరుగురూ భయభక్తులతో "ఊఁ" అనేవారు. వాళ్ళలో వెయ్‌కో అని ఒక పొడుగాటి ముసలాయన ఉన్నాడు. అందరికంటే ఉత్తరాన ఎక్కడో బడి. గుండెల దాకా తెల్లగడ్డం. ఆయన ఊఁ కూడా నోరు తెరవకుండానే అనేవాడు. అనేవాడని నా నమ్మకం.

గంటల బదులు ఒక్కొక్కరు ఒక్కొక్కటి తెచ్చుకున్నారు. గిన్నెల మూతలు, పళ్ళేలు. వెయ్‌కో పాత కార్ల చక్రాలకుండే మూతలు నాలుగు తాళ్ళతో వేలాడదీసుకున్నాడు. మోత మాట ఎలా ఉన్నా ఆయనవే అసలు గంటల్లా ఉన్నాయని అత్త మెచ్చుకుంది. అందరినీ ఒకేసారి వాయించమన్నాం. ఒకరిది ఒకరికి ఆలస్యంగా చేరి, రేకుల కప్పు మీద కొబ్బరికాయలు దొర్లినట్టయింది. చివరికి ఐలా అందరి చప్పుడూ కట్టేయించింది. ఇరవై ఆరు జతల చేతులు ఆడుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు.

అత్త కర్ర కింద పెట్టేసింది. "ఈ మూగపెళ్ళి నా వల్ల కాదు. ఒక్కళ్ళే కూర్చుని వాయించుకునే పాట మా దగ్గర లేదని చెప్పు. వచ్చేవారం ఒక్కొక్కరు పక్కన ఒక మనిషిని పెట్టుకుని కూర్చోవాలి. ఒకరు తాళం, ఒకరు మాట. మనిషి లేకపోతే పాఠం లేదు."

రెండో శనివారం తెర మీద యాభైమంది పైన కనిపించారు. మొగుళ్ళు, తల్లులు, పక్కింటివాళ్ళు. ఒకావిడ ఉత్తరాలిచ్చేవాడిని పట్టుకొచ్చి కూర్చోబెట్టింది. వెయ్‌కో పక్కన అంతకంటే పొడుగాటి ముసలాయన, అంతకంటే పెద్ద గడ్డంతో. అన్నగారట. ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఎంత చక్కగా వాయించారంటే అత్త, "వీళ్ళ అమ్మ మన వైపుదేమో కనుక్కో," అంది.

మూడో వారం అత్త బుగ్గన తమలపాకు పెట్టుకుని హుషారుగా కూర్చుంది. "ఇవాళ ఒక వాక్యం నేర్పుతాను."

"అర్థం ఏమని చెప్పను?"

అత్త ఆకు అటూ ఇటూ తిప్పింది. "ఊళ్ళో ఒక పెద్దమనిషికి చెప్పే పలకరింపు అని చెప్పు."

అదే చెప్పాను. వాక్యం పొడుగ్గా, సరదాగా, చివర్లో ఎగిరి దూకినట్టుంది. టీచర్లకి తెగ నచ్చింది. గంటన్నర పట్టుదలగా సాధన చేశారు. అత్త అంత ఓపిగ్గా ఎవరికైనా ఏదైనా చెప్పడం నేను అదే చూడడం. ఒక్క స్వరం తప్పినా వదల్లేదు. "అక్కడ లేవాలి! చెవి దగ్గర గొంతు లేవాలి!" అంటుంది. చెవి ఎందుకొచ్చిందో అప్పుడు నాకు తట్టలేదు.

ఆ తర్వాతి వారం ఐలా ఒక వీడియో పంపింది. ఆవిడ బడిలో మూడో తరగతి పిల్లలు ఇరవై రెండుమంది, కిటికీ బయట మంచు, చేతుల్లో మూతలు. అత్త నేర్పిన వాక్యాన్ని ఇద్దరిద్దరు జతలుగా మోగిస్తున్నారు. ఒక్క తప్పు లేదు. చూసి నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. మా బడి వార్షికోత్సవం దగ్గర్లోనే ఉంది. హెడ్‌మాస్టరుగారికి చూపిస్తే ఆయన ఇంకా పొంగిపోయి, పెద్ద తెర మీద వేద్దామన్నారు.

వేడుక బాస్కెట్‌బాల్ కోర్టులో. రెండు గట్ల జనమూ వచ్చారు. ముందు వరసలో పెద్దవాళ్ళు. వాళ్ళ మధ్యలో అవతలి గట్టు కుదిన్ బాపా, ఇస్త్రీ చొక్కా, నల్లటోపీ. బాపా అంటే మా భాషలో బాబాయి, ఊళ్ళో పెద్దవాళ్ళని అలాగే పిలుస్తాం. అగుంగ్ వాయించడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. అగుంగ్ అంటే రెండు లోతైన గంటలు, మేళానికంతా గుండెకాయ. మనవరాలు రెండో తరగతిలో ఉంది, అందుకని వచ్చాడు. నేను మైకులో, మన సంగీతం సముద్రాలు దాటిందనీ, మంచుదేశం పిల్లలు మన పెద్దలకి పంపిన పలకరింపు వినండనీ, నా గొంతు నాకే ముద్దొచ్చేలా చెప్పి వీడియో వేశాను.

మొదటి జత మోగించారు. ముందు వరసలో ఒక ముసలమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రెండో జత. ఇద్దరు తాతలు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. మూడో జతకి ముందు వరసంతా పగలబడి నవ్వుతోంది. కుర్చీలు ఊగుతున్నాయి. అరవై దాటినవాళ్ళంతా నవ్వుతున్నారు, మిగతావాళ్ళం ఏం జరిగిందో తెలియక వాళ్ళ వంక చూస్తున్నాం. కుదిన్ బాపా ఒక్కడే నవ్వలేదు. ఇరవై రెండుమంది పిల్లలు మోగించడం అయ్యేదాకా నిటారుగా కూర్చుని, ఆ తర్వాత టోపీని రెండు చేతులతో చెవుల మీదికి లాక్కుని, లేచి వెళ్ళిపోయాడు.

నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న ముసలమ్మ దగ్గరికి పరిగెత్తాను. "ఏమైందమ్మమ్మా? ఏమంటున్నారు పిల్లలు?"

ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, "నీకు తెలియకుండానే వేశావుటే? 'కుదినూ కుదినూ, చెవులు చేటంత, తాళం మాత్రం వినపడదు' అంటున్నారు. పాపం, ఎంత ముద్దుగా అంటున్నారో!" అంది.

ఆ తర్వాత ఆవిడే కథంతా చెప్పింది. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట కుదిన్ బాపా, అత్త నదికి చెరో గట్టున ఉండి గందింగన్ మీద మాట్లాడుకునేవారట. అందరూ వినేవారు, ఎవరూ విననట్టు ఉండేవారు. కుదిన్ వాళ్ళ పెద్దలు సంబంధం మాట్లాడడానికి రావాల్సిన నెలలో ఒక పెళ్ళిలో ఇద్దరూ ఒకే మేళంలో కూర్చున్నారు. మంచి పాట మధ్యలో కుదిన్ ఉన్నట్టుండి వేగం పెంచేశాడు. అత్త చేతిలో కర్ర జారి పెళ్ళికొడుకు ఒళ్ళో పడింది. జనం నవ్వారు. అత్త లేచి ఇంటికొచ్చి, కుదిన్ వైపువాళ్ళు మా గడప తొక్కక్కర్లేదని కబురు పెట్టింది. తర్వాత ఎవరి పెళ్ళి వాళ్ళకైంది, ఎవరి పిల్లలు వాళ్ళకి పుట్టారు. అత్త భర్తా పోయాడు, బాపా భార్యా పోయింది. ఈ ఇద్దరూ మాత్రం మళ్ళీ ఒక మేళంలో కూర్చోలేదు.

ఇంటికొచ్చేసరికి అత్త బియ్యప్పిండి జారుగా కలిపి మూకుట్లో పోస్తోంది, తినాగ్తాగ్ చేస్తోంది. అది చుట్టలుగా చుట్టే మా తీపి పిండివంట.

"పెద్దమనిషికి పలకరింపు అన్నావు కదా!" అన్నాను.

"పెద్దమనిషే కదా. అరవై అయిదు దాటాయి."

"అత్తా, చంటిపిల్లల చేత తిట్టించావు! వాళ్ళ టీచర్లు మనల్ని నమ్మి నేర్చుకుంటున్నారు!"

"నేను తప్పుగా నేర్పానా? ఒక్క స్వరం తప్పని చెప్పు. పిల్లలు బంగారంలా వాయించారు. రెండో గంట మీద కాస్త తొందరపడ్డారంతే, కుదిన్‌లాగా." వేడివేడి తినాగ్తాగ్ చుట్ట ఒకటి నా చేతిలో పెట్టింది. "తిను. అతనేమన్నాడు?"

"ఏమీ అనలేదు. టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు."

అత్త మూకుడు మీదికి వంగింది. భుజాలు కదలడం చూసి ఏడుస్తోందేమోనని కంగారుపడ్డాను. ఏడుపు కాదు.

ఆ శనివారం పాఠం మొదలుపెట్టబోతుంటే రేవులో పడవ ఆగిన చప్పుడైంది. కుదిన్ బాపా మెట్లెక్కి వచ్చాడు. అదే ఇస్త్రీ చొక్కా, అదే టోపీ. అరుగు మీద నిలబడి నాతోనే, "అమ్మాయ్, మీ విదేశీ టీచర్లకి అగుంగ్ ఎవరు చెబుతున్నారు?" అన్నాడు.

"ఎవరూ లేరు బాపా."

"అలాగా. ఒక చెయ్యితో చప్పట్లు కొడతారా ఎక్కడైనా? జరుగు."

ఐలా సంతోషానికి పట్టపగ్గాలు లేవు. అగుంగ్ మాస్టారు కావాలని రెండు వారాలుగా అడుగుతోంది పాపం. అత్త విసురుగా వంటింట్లోకి పోయింది. బాపా అగుంగ్ మీద రెండు తాళాలు నేర్పి, తర్వాత మెల్లగా జరిగి గందింగన్ ముందు కూర్చున్నాడు. "వీళ్ళకి ఒక వాక్యం కూడా చెబుతాను. అర్థం అడిగితే, ఇంటి ఇల్లాలికి పలకరింపు అను."

అదేం పలకరింపో నాకు అనుమానం వచ్చింది. అయినా ఆయన్ని లెమ్మనడానికి నాకు నోరెక్కడిది? ఆయన మోగించాడు. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. ఆయన మళ్ళీ మోగించాడు. తెర మీద యాభైమందీ శ్రద్ధగా మోగించారు. అత్త చేతికి పిండితోనే బయటికి వచ్చింది.

"ఏమన్నాడత్తా?" అని గుసగుసగా అడిగాను.

"'లగిందా, నీ నోరు ముందు పరిగెడుతుంది, చెయ్యి ఎప్పటికి చేరుతుంది?' అంటున్నాడు. లే అవతలికి!" అని నన్ను నెట్టి, ఆయన లేచేదాకా ఆగకుండా పక్కనుంచే చెయ్యి చాపి నాలుగు గంటల మీదా జవాబు చెప్పింది. ఆయన దానికి జవాబిచ్చాడు. సాయంత్రం అయ్యేసరికి ఫిన్లాండ్ టీచర్లు ఆరు వాక్యాలు నేర్చుకున్నారు. ఐలా కళ్ళు మెరిసిపోతున్నాయి. "ఎంత గొప్ప సంప్రదాయం! ప్రశ్నా జవాబూ! ఇంత లోతుగా చెబుతారని అనుకోలేదు," అంది. నేను నవ్వు ముఖం పెట్టి ఊఁ కొట్టాను.

ఆపై వారం కూడా అంతే. బాపా వస్తాడు, అత్త వాయిస్తుంది, బాపా తిప్పి కొడతాడు. వాళ్ళిద్దరూ నోటితో మాత్రం ఒక్క మాట మాట్లాడుకోరు. కాఫీ కావాలన్నా నా ద్వారానే.

"చక్కెర ఎంత వేయాలో అతన్ని అడుగు."

"ఇదివరకు ఎంత వేసేదో అంతే వేయమని చెప్పు."

అత్త కప్పులో మూడు చెంచాలు వేసి కలపడం చూశాను. నన్ను చూసి, "ఏం, కొలుస్తున్నావా?" అని కసిరింది.

ఏడో శనివారానికి రెండు రోజుల ముందు ఐలా ఉత్తరం వచ్చింది. వసంతంలో నలభై బడుల పిల్లలు ఈ వాక్యాలతో కచేరీ చేస్తారట. అచ్చు వేయించే చిన్న పుస్తకంలో ప్రతి వాక్యానికీ అర్థం, కట్టినవారి పేరు రాయాలట. 'తప్పులు లేకుండా పంపండి, పాత పుస్తకంలా కాకూడదు,' అని ముగించింది.

ఆ రాత్రి కాగితం ముందేసుకుని కూర్చున్నాను. అబద్ధం రాస్తే నలభై బడుల పిల్లలు అబద్ధం నేర్చుకుంటారు. నిజం రాస్తే మా పరువు పోతుంది. పైగా నాకు గంటల మాటే రాదన్న సంగతి కూడా బయటపడుతుంది. శనివారం పాఠం మొదలవగానే, అత్తకి గానీ బాపాకి గానీ చెప్పకుండా, తెర ముందు కూర్చుని అంతా కక్కేశాను. చెవుల సంగతి, నోటి సంగతి, పెళ్ళికొడుకు ఒళ్ళో పడిన కర్ర సంగతి. "నాకు ఈ గంటల భాష రాదు. మా అత్త ఏం చెప్పమంటే అది చెప్పాను. రెండో సగం తెలిసి కూడా దాచాను. నన్ను క్షమించండి," అన్నాను.

తెర మీద ఎవరూ కదల్లేదు. ఆ మౌనం అలవాటైనదే, అయినా ఆ పూట ఫోను కట్టేద్దామని చెయ్యి చాపాను. అప్పుడు ఎక్కడినుంచో పాత ట్రాక్టరు స్టార్టు అయినట్టు ఒక చప్పుడు మొదలైంది. వెయ్‌కో. ఏడు వారాల్లో నోరు విప్పని మనిషి, గడ్డం ఎగిరేలా నవ్వుతున్నాడు. పక్కన అన్నగారు బల్ల మీద తల పెట్టేశాడు. క్షణంలో తెరంతా నవ్వులే.

ఐలా కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "మా పిల్లలకి ఈ సంగతి తెలిస్తే ఇంకా బాగా వాయిస్తారు," అంది.

అత్తకి ఇంగ్లీషు రాకపోయినా తన పేరూ కుదిన్ పేరూ పదేపదే వినపడితే తెలియకుండా ఉంటుందా? "అంతా చెప్పేశావా?" అంది.

"చెప్పేశాను."

"పెళ్ళిలో తప్పెవరిదో చెప్పావా?"

"ఆవిడదని చెప్పు," అన్నాడు బాపా.

"అతనిదని చెప్పు! నేను గంట మీద చెప్పాను. పరిగెత్తకు, మెల్లగా రా అని రెండుసార్లు చెప్పాను. వినపడితేగా!"

బాపా మొదటిసారి అత్త వైపు తిరిగాడు. "మెల్లగా రమ్మన్నావా? నువ్వా? నాతో పాటు రా, అన్నావు! రెండుసార్లు అన్నావు. వచ్చాను. వస్తే లేచి పోయావు!"

వెయ్‌కో ఏదో అన్నాడు. ఐలా దాన్ని నాకు ఇంగ్లీషులో చెప్పింది. ఆ రెండు వాక్యాలూ ఒకసారి మోగించి చూపించమంటున్నాడట.

అత్త కర్ర తీసుకుని, "ఇది 'మెల్లగా రా'," అని మోగించింది. బాపా అదే కర్ర లాక్కుని, "ఇది 'నాతో పాటు రా'," అని మోగించాడు. వెయ్‌కో తన చక్రాల మూతల మీద మొదటిది వాయించాడు. తర్వాత రెండోది వాయించాడు. తల గీరుకుని మళ్ళీ వాయించి, అన్నగారి వంక చూశాడు. అన్నగారు తల అడ్డంగా ఊపాడు.

"రెండూ ఒకటే కదా, తేడా ఎక్కడ, అని అడుగుతున్నారు," అన్నాను.

ఇద్దరూ ఒకేసారి, "ఉంది!" అన్నారు.

అత్త తనది మళ్ళీ మోగించింది. బాపా తనది మళ్ళీ మోగించాడు. ఇంకోసారి. ఆ తర్వాత అత్త చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నది మీద ఏదో పడవ మోటారు వినిపించి, మెల్లగా దూరమైంది.

"మరి అడగొచ్చుగా," అంది చివరికి. "మర్నాడు వచ్చి, ఏమన్నావు లగిందా అని ఒక్క మాట అడగొచ్చుగా."

"వచ్చాను. మీ నాన్న మెట్ల మీద కూర్చుని కత్తి నూరుతున్నాడు."

"మా నాన్న రోజూ నూరేవాడు! వెదురు కొట్టుకోవడానికి!"

"నాకేం తెలుసు? వెదుర్ని చూసి నూరలేదు, నన్ను చూసి నూరాడు."

అత్త నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కొంగుతో ముఖం కప్పుకుంది. ఆ కొంగు చాలాసేపు తియ్యలేదు. బాపా గంటల వంక చూస్తూ కూర్చున్నాడు. తెర మీద యాభైమందిలో ఒక్కరూ మాట్లాడలేదు. ఆ మనుషులకి మాట్లాడకుండా ఉండడం ఎంత బాగా తెలుసో ఆ రోజే నాకు అర్థమైంది.

చివరికి అత్త కొంగు తీసి, "కాఫీ తాగుతావా?" అంది. నాతో కాదు.

ఎనిమిదో శనివారం వాళ్ళిద్దరూ కలిసి వాయించారు. ఆయన అగుంగ్, ఆవిడ గందింగన్, తాళం చిన్నగంట నా చేతిలో. పాట మధ్యలో రెండుచోట్ల కొట్టుకున్నారు, ఒకచోట ఆపేసి వాదించుకున్నారు. ఫిన్లాండ్‌వాళ్ళు అది కూడా రాసుకున్నారు.

ఐలా పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అచ్చయింది. 'తిట్టు: కట్టినది లగిందా. తిరుగు తిట్టు: కట్టినది కుదిన్.' కచేరీలో ప్రతి బడి పిల్లలూ రెండు జట్లుగా విడిపోయారట. లగిందా జట్టులో చేరతామని అబ్బాయిలు కూడా కొట్లాడుకున్నారట. అంతకంటే మంచి సంగతి ఇంకొకటి రాసింది. పిల్లలు మా వాక్యాలతో ఊరుకోలేదు. తమ భాషలోనే, మాట లేచినచోట లేపి, దిగినచోట దించి, మూతల మీద సొంతంగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఒకరోజు పాఠం మధ్యలో వెనక బల్ల పిల్ల మూతల మీద ఏదో మోగిస్తే, ఐలా ఆలోచించకుండానే, 'ఇంకో పది నిమిషాలే, తర్వాత భోజనం,' అని జవాబు చెప్పేసిందట. చెప్పాక గానీ తనకి అర్థమైందని తనకి తెలియలేదట.

ఈ ఉత్తరం అత్తకి చదివి వినిపించాను. అత్త చాలా గర్వంగా విని, ఆ తర్వాత నా వంక ఎగాదిగా చూసింది.

"మంచులో పిల్లలకి వచ్చేసింది. నీకెప్పుడొస్తుందే?"

మర్నాటి నుంచి కూర్చున్నాను, బడిపిల్లల్ని పదిమందిని వెంటబెట్టుకుని. అత్త ఒకటి చెబుతుంది. బాపా పడవ దిగి వచ్చి, అది అలా కాదంటాడు. ఇద్దరూ తేల్చుకునేలోపు పిల్లలు రెండూ నేర్చేసుకుంటారు. ఊళ్ళో ఆడవాళ్ళు ఊరుకుంటారా, ఇక నిఖా ఎప్పుడని అత్తని నిలదీశారు. "ఈ వయసులో నాకు తిట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. కట్టుకోవడానికి కాదు," అంది అత్త. బాపాని అడిగితే, ఆవిడేమందో ముందు చెప్పండన్నాడు.

నేను తప్పు లేకుండా నేర్చుకున్న మొదటి వాక్యం, 'అన్నం ఉడికింది, రండి.' వచ్చిన ఆనందంలో ఒక ఆదివారం పొద్దున్న అరుగు మీద కూర్చుని దాన్ని పదిసార్లు మోగించాను. పదకొండోసారికి అవతలి గట్టు నుంచి కుదిన్ బాపా పడవ బయల్దేరింది. వెనకే ఇంకో పడవ. మా గట్టున ఇద్దరు ముసలివాళ్ళు చేతికర్రలు తాటించుకుంటూ మెట్లెక్కుతున్నారు. నేను కర్ర పారేసి వంటింట్లోకి పరిగెత్తాను.

"ఎన్ని గ్లాసుల బియ్యం పోయను అత్తా?"

అత్త కిటికీలోంచి రేవు వంక చూసి లెక్కపెట్టింది. "పన్నెండు పొయ్యి. అవతలి గట్టున ఇంకా చెప్పులేసుకుంటున్నారు."